ఆ మూడో వీల్ ఎవరి కర్మ?



ప్రారబ్ధం మీద చేసిన వీడియోలో కుమ్మరి సారె పోలిక ఒకటి చెప్పి ముందుకు వెళ్ళిపోయాం. వీడియోలో అంతకంటే కుదరదు. కానీ ఆ పోలిక దగ్గర నాకు ఒక ప్రశ్న మిగిలిపోయింది. దాన్ని ఇక్కడ కాస్త తీరిగ్గా రాస్తున్నాను.

ముందు ఆ పోలిక ఏంటో గుర్తు చేసుకుందాం. ఈశ్వరకృష్ణుడి సాంఖ్యకారికలో ఇది కనిపిస్తుంది, తర్వాత వేదాంతం చెప్పేవాళ్ళూ వాడుకున్నారు. కుమ్మరి కర్రతో సారెను గిర్రున తిప్పుతాడు. కుండ తయారైపోతుంది. కర్ర పక్కన పెట్టేస్తాడు. సారె మాత్రం వెంటనే ఆగదు, ముందు ఇచ్చిన ఊపు తీరేదాకా తిరుగుతూనే ఉంటుంది. జ్ఞానం కలిగాక కూడా జ్ఞాని శరీరం ఎందుకు నిలిచి ఉంటుంది అంటే ఇందుకే. వెనకటి ఊపు ఇంకా ఉంది. అదే ప్రారబ్ధం.

ఈ పోలికలో సారె ఎప్పుడూ నిక్కచ్చిగా తిరుగుతుంది. దాని కింద కీలు అరిగిందా, నూనె ఎండిపోయిందా అన్నది అక్కడ ఎవరికీ అవసరం లేదు. పోలికకి ఒక్క గుణం చాలు. కానీ నిజంగా సారె ముందు కూర్చుని తడి మట్టి పట్టుకున్నవాడికి అది చాలదు. సారె తుప్పు పట్టి, అరిగి, ఒక పక్కకి ఊగుతుంటే? పైగా అది ఒక కుమ్మరి ఇంట్లోది కాకుండా పాతిక మంది వంతులవారీగా వాడుకునేది అయితే? అప్పుడు ఊపు ఎవరిది, తుప్పు ఎవరిది, ఫలితం ఎవరికి వెళ్తోంది?

ఊరికే వేసుకున్న ప్రశ్న కాదు ఇది. నేను వారాంతాల్లో వెళ్ళే పాటరీ స్టూడియోలో అలాంటి వీల్ ఒకటి ఉంది.

హైదరాబాద్‌లో ఇలాంటి స్టూడియోలు మీలో కొందరు చూసే ఉంటారు. నెలకి ఇంత అని కట్టి, మనకి కుదిరిన టైమ్‌లో వెళ్ళి కూర్చోవచ్చు. మట్టి వాళ్ళదే, వీల్ వాళ్ళదే, కాల్చిపెట్టేదీ వాళ్ళే. వచ్చేవాళ్ళలో సగం మంది మా ఐటీ జనమే. వారమంతా చేతికి తగలని వస్తువులు తయారుచేసి, ఆదివారం ఒక్క గిన్నె అయినా చేత్తో పట్టుకుని చూసుకుందామని వస్తారు. నేను మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చినవాణ్ణి. మన ఊళ్ళో ఇది ఎంత అరుదైన జీవితకథో మీకు తెలుసు కదా!

అక్కడ అయిదు ఎలక్ట్రిక్ వీల్స్ ఉన్నాయి. కిటికీ పక్కనున్న మూడోదాని మీద పాతవాళ్ళెవరూ కూర్చోరు. పదింటికి క్లాసు అంటే తొమ్మిదిన్నరకే వచ్చి మిగతా నాలుగింటి మీదా నీళ్ళ మగ్గో తువ్వాలో పెట్టేస్తారు, బస్సు సీట్లో కర్చీఫ్ వేసినట్టు.

దాని జబ్బు ఏంటంటే, మట్టి పెట్టి తిప్పే గుండ్రటి పళ్ళెం అల్యూమినియంది. దాని మీద ఒక చెక్క బిళ్ళ కూర్చోబెడతారు, బ్యాట్ అంటారు. కుండ చేశాక బిళ్ళతో సహా ఎత్తి ఆరబెట్టుకోవచ్చు. బ్యాట్ కదలకుండా ఉండటానికి పళ్ళెంలో రెండు స్టీలు పిన్నులు ఉంటాయి. స్టీలూ అల్యూమినియమూ ఒకదాన్నొకటి ఆనుకుని, మధ్యలో ఉప్పున్న బోరు నీళ్ళు చేరితే చిన్న బ్యాటరీ లాగా పని చేస్తాయి. ఆ బేరంలో నష్టపోయేది అల్యూమినియమే. పిన్నుల చుట్టూ తెల్లటి పొడి లేస్తుంది, గుంటలు పడతాయి, కన్నాలు వదులైపోతాయి. దాని మీద రోజూ కడగకుండా వదిలేసిన మట్టి పెచ్చుకట్టి ఉంటుంది. బ్యాట్ సమంగా కూర్చోదు. ఒక పక్క మిల్లీమీటరు లేచినా, వీల్ నిమిషానికి 100, 200 చుట్లు తిరుగుతుంటే ఆ మిల్లీమీటరు అన్నిసార్లూ మీ అరచేతిని తోస్తుంది. దీనికి తోడు కింద బేరింగ్ కూడా అరిగింది. తొట్టి అంచులోంచి కారిన నీళ్ళు ఎన్నాళ్ళ నుంచి అందులోకి దిగుతున్నాయో. వేగం పెంచితే గరగరమని శబ్దం.

పాతవాళ్ళకి ఇవన్నీ తెలుసు. అందుకే కూర్చోరు. మరి ఎవరు కూర్చుంటారు? కొత్తగా చేరినవాళ్ళు. పదింటికి అంటే పదింటికే వచ్చే అమాయకులు.

కొత్తవాళ్ళకి మొదటి పాఠం మట్టిని సరిగ్గా మధ్యకి తేవడం. అది మంచి వీల్ మీదే మూడు నాలుగు వారాలు ఏడిపిస్తుంది. మోచేతులు బిగబట్టి, ఊపిరి నిదానంగా తీసుకుంటూ, చేతులు కదలకుండా ఉంచితే మట్టే దారికొస్తుంది అని చెప్తారు. మట్టి ఊగుతోంది అంటే నీ చేతులు ఊగుతున్నాయని అర్థం. ఇది పాఠంలో మొదటి సూత్రం, మామూలుగా నిజం కూడా. కానీ మూడో వీల్ మీద అబద్ధం. అక్కడ చేతులు ఎంత నిలకడగా ఉన్నా మట్టి ఊగుతుంది. కొత్తవాడికి మట్టి ఊగడం ఒక్కటే కనిపిస్తుంది, కారణం కనిపించదు. కాబట్టి నేర్పిన సూత్రం ప్రకారం తన చేతుల్నే అనుమానిస్తాడు.

నేను చేరక ముందు ఒకావిడ, బ్యాంకు ఉద్యోగి అట, ఆ వీల్ మీద అయిదు వారాలు కూర్చుని, "నాకు రాసిపెట్టి లేదండీ" అని మానేశారని అక్కడివాళ్ళు చెప్పారు. నవ్వుతూనే చెప్పారు. చెడ్డవాళ్ళు కాదు, టీ తెచ్చిపెట్టే మనుషులే. "ఆ వీల్ ఎవరికి దొరికితే వాళ్ళ ప్రారబ్ధం బాసూ" అని ఒక జోకు కూడా ఉంది అక్కడ.

ఆ జోకు దగ్గరే నాకు వీడియో గుర్తొచ్చింది. మనం కర్మ సిద్ధాంతాన్ని ఇలాగేనా వాడేది?

చూడండి, మన సంప్రదాయంలో కర్మని మూడుగా చెప్తారు. పోగుపడింది సంచితం, అనుభవానికి వచ్చింది ప్రారబ్ధం, ఇప్పుడు చేస్తున్నదాని వల్ల ముందు రాబోయేది ఆగామి. ప్రారబ్ధం అన్న మాట నాకు జరిగినదాన్ని నేను ఓర్చుకోవడానికి పనికొస్తుంది. నా కష్టానికి ఇంకొకర్ని తిట్టుకుంటూ కూర్చోకుండా అది నన్ను ఆపుతుంది. ఆ మాటకి అదే చోటు. దాన్ని పక్కవాడి మీదకి తిప్పి, "నీకు జరిగింది నీ ప్రారబ్ధం" అని, అదీ పానా నా చేతికి అందే దూరంలో పెట్టుకుని అంటే, అది వేదాంతం కాదు, తప్పించుకోవడం. ఆవిడ అయిదు వారాల కష్టం ఆవిడ ప్రారబ్ధమే కావచ్చు, అది తేల్చే లెక్క మన దగ్గర లేదు. కానీ ఆ వీల్ సంగతి తెలిసి కూడా చెప్పకపోవడం మాత్రం తెలిసినవాళ్ళ ఆగామి ఖాతాలోకే వెళ్తుంది. ఆ లెక్క స్పష్టంగా ఉంది.

పాడైన వస్తువు వల్ల అందరికీ సమానంగా నష్టం జరగదు. ఆ వీల్ వల్ల ఎక్కువ పోగొట్టుకునేది దాన్ని ఎక్కువ వాడినవాళ్ళు కాదు, దాని గురించి తక్కువ తెలిసినవాళ్ళు. తెలిసినవాడు తప్పుకుంటాడు, తెలియనివాడు తనని తాను నిందించుకుంటాడు. మా ఆఫీసుల్లో కూడా ఇంతే. కొత్తగా చేరిన కుర్రాడి ల్యాప్‌టాప్‌లో ప్రాజెక్ట్ మొదటిసారి రన్ అవ్వదు. పాతవాళ్ళందరికీ ఒక కిటుకు తెలుసు, ఎక్కడా రాసి ఉండదు. వాడు రెండు రోజులు రాత్రిళ్ళు కూర్చుని, నాకే ఏమీ రాదు అనుకుంటాడు. మూడో రోజు ఎవరో వచ్చి, "ఓ, అదా, ఆ ఫైల్ డిలీట్ చెయ్" అని వెళ్ళిపోతారు. ఆ రెండు రోజుల్లో వాడి లోపల ఏం విరిగిందో ఎవరూ అడగరు.

ఇప్పుడు గీత దగ్గరికి వద్దాం. మూడో అధ్యాయం, కర్మయోగం. అందులో 16వ శ్లోకంలో కూడా ఒక చక్రం ఉంది. కుమ్మరిది కాదులెండి. యజ్ఞం వల్ల వాన, వాన వల్ల అన్నం, అన్నం వల్ల ప్రాణులు, మళ్ళీ ఆ ప్రాణులు చేసే కర్మ వల్ల యజ్ఞం. ఇలా ఒకదానికొకటి అందించుకుంటూ తిరిగే చక్రం. ఎప్పటి నుంచో తిరుగుతున్న ఆ చక్రాన్ని తన వంతు తిప్పకుండా, దాని ఫలం మాత్రం అనుభవించేవాడి బతుకు వ్యర్థం అంటాడు కృష్ణుడు. దానికి కాస్త ముందే, 12వ శ్లోకంలో, ఇచ్చినదాన్ని తిని తిరిగి ఏమీ ఇవ్వనివాణ్ణి ఏకంగా దొంగ అంటాడు. అంత కటువైన మాట ఎందుకు వాడాడా అని కాలేజీ రోజుల్లో నాకు అర్థమయ్యేది కాదు. ఏం ఎత్తుకెళ్ళాడని?

స్టూడియోలో చూస్తే అర్థమవుతుంది. వీల్ మీద రెండు గంటలు కూర్చుని, చివర్లో మట్టి గీకేసి, నీళ్ళతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి వెళ్ళడానికి ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. తుడవకుండా వెళ్ళిపోయినవాడు ఆ ఏడెనిమిది నిమిషాలు మిగుల్చుకున్నాడు. అవి ఎక్కడి నుంచి వచ్చాయి? పళ్ళెం ఆయుష్షులోంచి, తర్వాత కూర్చునేవాడి చేతుల్లోంచి. ఎవరి జేబూ కొట్టలేదు, నిజమే. ఒక్కడు వదిలేస్తే ఏమీ కాదు కూడా. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అని సామెత, ఏడాది కష్టం ఒక్క దెబ్బకి పోతుందని. తుప్పుకి ఆ గుదియ కూడా అక్కర్లేదు. ఎవరూ కొట్టరు. అందరూ తలా కాస్త వదిలేస్తారు. అందుకే ఎవరికీ తప్పు చేసినట్టు అనిపించదు.

మా నాయనమ్మ, ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని అనేది. అందరిదీ కాబట్టి ఎవరూ చూడలేదు పాపం.

స్టూడియోకి నెలకి రెండుసార్లు ఒక పెద్దాయన వస్తారు, కుమ్మరి కుటుంబం నుంచి. పెద్ద కూజాలు ఎలా చెయ్యాలో చూపిస్తారు. అందరం తాతా అనే పిలుస్తాం. ఆయన ఒకసారి మూడో వీల్ ఆన్ చేయించి, చెవి దగ్గర పెట్టి విన్నారు. కాల్చిన కుండని వేలితో కొట్టి విన్నట్టే. "ఇది ఏడుస్తుంది బాబూ. మట్టిని తిట్టి లాభం లేదు" అన్నారు. వాళ్ళ ఇంట్లో పొద్దున్నే సారె తిప్పే ముందు కీలులో నూనె చుక్క వేసేవాళ్ళట. ఎవరు వేసేవాళ్ళు తాతా, వంతులుండేవా అని అడిగితే ఆయనకి నా ప్రశ్నే అర్థం కాలేదు. ఎవరు ముందు లేస్తే వాళ్ళు. ఆ సారె మీదే ఇల్లు గడవాలి.

మనకి ఆ సారె మీద ఇల్లు గడవదు. అక్కడే ఉంది చిక్కంతా. అన్నం పెట్టే వస్తువుని భయంతో చూసుకున్నట్టు సరదాకి వాడుకునే వస్తువుని చూసుకోం. భయం లేని చోట ఇంకేదో ఉండాలి. దానికి గీతలో ఉన్న మాట లోకసంగ్రహం. అదే అధ్యాయంలో, 20వ శ్లోకం దగ్గర వస్తుంది. జనకుడి లాంటివాళ్ళు తమకేమీ అవసరం లేకపోయినా పని చేశారు, లోకం చెదిరిపోకుండా పట్టి ఉంచడానికి. ఆ వెంటనే అంటాడు, పెద్దవాడు ఏది చేస్తే మిగతావాళ్ళు అదే చేస్తారని. స్టూడియోలో పెద్దవాడంటే రెండేళ్ళ నుంచి వస్తున్నవాడు. వాడు వీల్ కడగకుండా వెళ్తే, కొత్తవాడు అదే పద్ధతి అనుకుంటాడు. ఎవరూ నేర్పకుండానే నేర్చేసుకుంటాడు.

ఇక్కడ మీలో కొందరికి ఒక అభ్యంతరం వస్తుంది, రావాలి కూడా. "డబ్బు కడుతున్నాం కదా? బాగు చేయించాల్సింది నడిపేవాళ్ళు. మనం ఊరికే చేసిపెడితే వాళ్ళకి అలవాటైపోదా? సేవ పేరుతో మనల్ని వాడుకోరా?" ఇది కొట్టిపారేసే మాట కాదు. సేవ అన్న మాటని అడ్డం పెట్టుకుని జీతం ఎగ్గొట్టే చోట్లు మన చుట్టూ ఉన్నాయి. స్వధర్మం వదిలి పరధర్మం నెత్తిన వేసుకోవద్దని కూడా అదే మూడో అధ్యాయం చివర్లో చెప్పాడు. వీల్ యజమాని బాధ్యత యజమానిదే. నేను పళ్ళెం శుభ్రం చేసినంత మాత్రాన బేరింగ్ మార్చాల్సిన బాధ్యత ఆవిడ మీద నుంచి పోదు.

కానీ ఈ అభ్యంతరం ఎంతవరకు వెళ్తుందో కూడా చూడాలి. బాగు చెయ్యడం నా ధర్మం కాకపోవచ్చు. మరి చెప్పడం? "ఈ వీల్ బాగోలేదు, నీ చేతుల తప్పు కాదు" అని పక్కన కూర్చున్న మనిషికి ఒక్క మాట చెప్పడానికి యజమాని అనుమతి అక్కర్లేదు, పానా అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు. అది సత్యం కిందికి వస్తుంది. మనం సత్యం అంటే అబద్ధం ఆడకపోవడం అనుకుంటాం. ఒక వస్తువు నా కళ్ళ ముందు ఒక మనిషికి అబద్ధం చెప్తూ ఉంటే, నిజం నాకు తెలిసి ఊరుకోవడం ఏ లెక్కలోకి వస్తుంది? ఎంత ఆలోచించినా నాకు మంచి జవాబు దొరకలేదు.

ఈ మధ్య డిగ్రీ చదివే ఒక అబ్బాయి చేరాడు. సహజంగానే మూడో వీల్ దొరికింది. రెండో వారానికే మొహం వాడిపోయింది. "అన్నా, నా చేతులు వణుకుతున్నాయా?" అని అడిగాడు. నా వీల్ మీదకి మారమన్నాను. అద్భుతమేమీ జరగలేదు, మట్టి అక్కడా ఊగింది, వాడు నిజంగానే కొత్తవాడు. కానీ గంట గడిచేసరికి ఏది తన చేతుల వల్ల జరుగుతోందో తేడా తెలియడం మొదలైంది. మోచెయ్యి బిగిస్తే ఊగడం తగ్గుతోంది, వదిలేస్తే పెరుగుతోంది. అంతే కావాల్సింది. చేసినదానికీ జరిగినదానికీ సంబంధం కనపడాలి. కర్మ సిద్ధాంతం మనిషికి ధైర్యం ఇచ్చేది కూడా ఆ సంబంధం వల్లే కదా! పాడైన వీల్ ఆ సంబంధాన్నే తెంపేస్తుంది. నువ్వు ఏం చేసినా ఫలితం ఒకటే అని చేతులకి నేర్పిస్తుంది. అలా రెండు నెలలు నేర్చుకున్న మనిషిని మళ్ళీ నమ్మించడం చాలా కష్టం.

ఆ సాయంత్రం స్టూడియో నడిపే మేడమ్‌ని అడిగాను. "మూడో వీల్ పళ్ళెం ఒకసారి విప్పి శుభ్రం చేస్తే బాగుంటుంది మేడమ్, నేను చెయ్యనా?"

"విప్పితే మళ్ళీ బిగించగలరా?" అన్నారు. న్యాయమైన ప్రశ్న. మెకానికల్ డిగ్రీ సంగతి చెప్పాను, కాస్త అనుమానంగానే ఒప్పుకున్నారు. పిన్నులకి బిల్లు తెస్తే డబ్బులిస్తానన్నారు, బేరింగ్ జోలికి మాత్రం వెళ్ళొద్దు, మెకానిక్‌ని పిలిపిస్తానన్నారు. బిల్లు తీసుకోమన్నప్పుడు మొహమాటపడకండి. ఎవరు ఇవ్వాల్సింది వాళ్ళు ఇవ్వడం కూడా చక్రంలో భాగమే.

పని పెద్దదేం కాదు, ఓపిక కావాలి. మీ దగ్గర కూడా ఇలాంటిది ఉంటే పనికొస్తుందని చెప్తున్నాను. ముందు ప్లగ్ తీసెయ్యాలి, స్విచ్ ఆపడం చాలదు. పళ్ళెం పక్కన చిన్న స్క్రూలు ఉంటాయి, అలెన్ కీతో వదులు చెయ్యాలి. మాది షాఫ్ట్‌కి కరుచుకుపోయి ఉంది. తుప్పు వదిలించే నూనె చుట్టూ వేసి, రాత్రంతా వదిలేసి, మర్నాడు చెక్కముక్క అడ్డం పెట్టి చుట్టూ మెల్లగా తట్టాం. సుత్తితో నేరుగా కొడితే అల్యూమినియం సొట్టపోతుంది. ఎండిన మట్టిని తడిపి మాత్రమే గీకాలి, పొడిగా రుద్దితే లేచే దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులకి మంచిది కాదు. తెల్లపొడిని సన్నటి ఎమరీ కాగితంతో, తడిపెట్టి తీశాం. గుంటలు పోవు, ఎత్తులు పోతాయి, అంతవరకే మన చేతిలో ఉంది. పాత పిన్నులు తీసి కొత్తవి వేశాం, షాఫ్ట్‌కి పల్చగా గ్రీజు రాశాం, మళ్ళీ కరుచుకోకుండా. బిగించాక పళ్ళెం అంచు దగ్గర ఒక సూది కదలకుండా పట్టుకుని చేత్తో మెల్లగా తిప్పితే, ఎక్కడ తగులుతోందో ఎక్కడ ఎడం వస్తోందో తెలుస్తుంది. ఇంకా కాస్త ఎడం ఉంది. అది బేరింగ్ వాటా.

తట్టేటప్పుడు ఆ డిగ్రీ అబ్బాయి పళ్ళెం పట్టుకున్నాడు. జోకు వేసేవాళ్ళలో ఒకాయన కూడా వచ్చి, ఏమీ అనకుండా తొట్టి కడిగి పెట్టాడు.

మట్టి గీకుతుంటే నాకు తిరుమల కథ గుర్తొచ్చింది. కుమ్మరి భీముడు, కురువ నంబి అని కూడా అంటారు. పని వదిలి గుడికి వెళ్ళే తీరిక లేనివాడు. ఇంట్లోనే స్వామి ప్రతిమ పెట్టుకుని, పని అయ్యాక చేతులకి మిగిలిన మట్టితో పువ్వులు చేసి సమర్పించేవాడు. తొండమాన్ చక్రవర్తి పెట్టిన బంగారు పువ్వుల చోట ఆ మట్టి పువ్వులు కనపడ్డాయని కథ. స్వామికి ఇప్పటికీ మట్టి ఓడులో నైవేద్యం పెట్టడం మీలో చాలామందికి తెలిసిందే. ఈ కథని భక్తి గొప్పా బంగారం గొప్పా అన్నట్టు చెప్తుంటాం. నాకు ఈసారి ఇంకోటి కనపడింది. ఆయన సమర్పించింది పని అయ్యాక మిగిలిన మట్టి. మనం వీల్ మీద వదిలేసి వెళ్ళేదీ అదే మట్టి. లోపల ఇనుముని తినేసేదీ అదే. పని అయిపోయాక ఆ చివరి అయిదు నిమిషాలు మనిషి ఏం చేస్తాడు అన్నది భక్తికి సంబంధించిన విషయమని ఆ కథ వల్ల అనిపించింది.

దసరాకి మా స్టూడియోలో ఆయుధ పూజ బాగా చేస్తారు. అయిదు వీల్స్‌కీ పసుపు, కుంకుమ, బంతిపూలు, ఒక్కోదానికి ఒక నిమ్మకాయ. అందరం ఫోటోలు పెట్టుకుంటాం. పోయిన దసరాకి మూడో వీల్‌కి పెట్టిన బొట్టు పెచ్చుకట్టిన మట్టి మీదే పెట్టారని ఆ ఫోటోలో తెలుస్తుంది. పూజని ఎగతాళి చెయ్యడం కాదు నా ఉద్దేశం, పూజ సగంలో ఆగిపోయిందంటున్నా. మెకానిక్ షెడ్లలో చూడండి, మహానవమి పొద్దున్న ముందు పానాలన్నీ కిరసనాయిల్లో కడిగి, మిషన్లు తుడిచి, నూనె వేసి, అప్పుడు బొట్టు పెడతారు. వాళ్ళకి కడగడం పూజకి ముందు చేసే పని కాదు, పూజ అక్కడి నుంచే మొదలవుతుంది. ఏడాదంతా వస్తువుని చూడకుండా వాడేవాళ్ళకి, ఒక్క రోజు వాడకుండా చూడమని పెట్టిన పండగ అది. (నిమ్మకాయ మాత్రం పళ్ళెం మీద కోసి పిండకండి, పులుపు అల్యూమినియానికి పడదు. పక్కన పెట్టండి, అమ్మవారు ఏమీ అనుకోదు.)

మీ అపార్ట్‌మెంట్ లిఫ్ట్, హాస్టల్ వాటర్ కూలర్, వీధి చివర గుడి దగ్గర కుళాయి, ఆఫీసులో ఎవరూ ముట్టుకోని ఆ పాత కోడ్, వీటి గురించి మీకు తెలిసిన కిటుకులు ఉంటాయి. ఎక్కడ తన్నితే పని చేస్తుంది, ఏ బటన్ నొక్కకూడదు. అవి మీకు తెలుసు కాబట్టి మీకు ఇబ్బంది లేదు. రేపు కొత్తగా వచ్చే మనిషికి తెలియవు.

మూడో వీల్ ఇంకా పూర్తిగా బాగవలేదు. బ్యాట్ సమంగా కూర్చుంటోంది, గరగర మాత్రం ఉంది. మెకానిక్ ఇంకా రాలేదు, మేడమ్ రెండుసార్లు ఫోన్ చేశారు. ఈలోగా దాని మీద ఒక అట్టముక్క వేలాడదీశాం, "బేరింగ్ బాగోలేదు, మట్టి ఊగితే మీ తప్పు కాదు, కొత్తవాళ్ళు వేరే వీల్ అడగండి" అని. మొదటి అట్ట పది రోజుల్లో నీళ్ళకి నానిపోయి అక్షరాలు అలుక్కుపోయాయి. పోయిన ఆదివారం వెళ్ళేసరికి దాని చోట కొత్తది వేలాడుతోంది, ప్లాస్టిక్ కవర్లో పెట్టి. చేతిరాత నాది కాదు.